జూన్ వాన జూలైకి ఎలా జరిగింది?

పిల్లలూ! మబ్బు ఒక ఊరి మీద నుంచి మరొక ఊరి మీదకు జరగడం మీరు చూసే ఉంటారు. కానీ ఒక నెలలో కురిసిన వాన మరొక నెలలోకి జరగడం ఎప్పుడైనా చూశారా? మా గుమ్మఘట్టలో అది జరిగింది. జరిపినది గాలి కాదు, కంప్యూటరు!

మాది అనంతపురం జిల్లా. పడమటి కనుమల వానచాటున ఉన్న పీఠభూమి. జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే. వేదవతి నది మీద కట్టిన భైరవానితిప్ప జలాశయం మా మండలంలోనే ఉన్నా, మా పొలాలలో ఎక్కువ భాగం ఆకాశం వైపు చూసేవే. అందుకని మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక వర్షమాపకం తయారుచేసి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానను కొలిచి, విజ్ఞాన ప్రదర్శనకు నివేదిక రాయాలని పూనుకున్నారు. కొలతలు నోటుపుస్తకంలో రాసుకున్నారు. తరువాత ఒక అమ్మాయి వాటిని బడిలోని కంప్యూటరులో, వర్డ్ ప్రాసెసర్‌లో చక్కగా టైపు చేసింది. పైన నాలుగు నెలల పేర్లు, పక్కన వారాలు. వాన పడని వారానికి ఖాళీ వదిలింది. తెర మీద ముత్యాల వరుసలా ఉన్నది. నాలుగు పేజీలు.

ఆ ఫైలును పెన్ డ్రైవులో వేసుకొని రాయదుర్గం వెళ్ళి ఒక దుకాణంలో ముద్రించుకొని వచ్చాము. నాలుగు పేజీలు ఐదయ్యాయి. సరే, కాగితం తేడా అనుకున్నాము. ఆ సాయంత్రం అమ్మాయి దానిని ఇంట్లో వాళ్ళ తాతకు చూపించిందట. ఆయన పట్టికను వేలితో తడుముతూ చూసి, “ఏమ్మా, జూన్‌లో వానే లేదని రాసినారే! మరి మనం శెనక్కాయ విత్తింది ఏ పదునులో?” అన్నాడట.

మరునాడు అమ్మాయి ఏడుపు ముఖంతో వచ్చింది. “నిన్న కంప్యూటర్లో సరిగ్గానే ఉన్నింది సార్. నేనేమీ మార్చలేదు” అన్నది. నిజమే, ఆమె ఏమీ మార్చలేదు. దుకాణం వారూ ఏమీ మార్చలేదు. అయినా జూన్ మూడో వారంలో పడిన వాన జూలై పేరు కిందకు పోయి కూర్చున్నది. చదివిన వారికి జూన్ అంతా ఎండిపోయినట్టే కనిపిస్తుంది. మా వైపు రైతుకు జూన్ పదునుకూ జూలై పదునుకూ మధ్య తేడా చిన్నది కాదు. అక్షరం ఒక్కటీ చెడకుండా అర్థం మొత్తం చెడిపోయింది.

ఎవరూ ముట్టుకోని వాన ఎలా జరిగింది? రండి, కనుక్కుందాం.

తెర మీది అక్షరం – లోపలి అంకె

కాగితం మీద పెన్నుతో రాస్తే, రాసిన గీతే అక్కడ ఉంటుంది. మరొకరు చదివినా, మరొక ఊరికి తీసుకువెళ్ళినా ఆ గీత కదలదు. కంప్యూటరులో అలా కాదు. మీరు ‘క’ మీట నొక్కితే అది ‘క’ బొమ్మను దాచుకోదు. 3093 అనే అంకెను దాచుకుంటుంది. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఇలా అంకెలు కేటాయించిన పద్ధతి పేరు యూనికోడ్. దాని మొదటి సంచిక 1991లో వెలువడినది. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు ఇచ్చారు. ఆ వెనువెంటనే 3200 నుంచి 3327 దాకా కన్నడానికి ఇచ్చారు. మా గుమ్మఘట్ట కర్ణాటక సరిహద్దుకు దగ్గర. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు మా తరగతిలోనూ ఉన్నారు. వారికి ఒక తమాషా చెబుతుంటాను. తెలుగు ‘క’ అంకెకు 128 కలపండి, 3221 వస్తుంది. అది కన్నడ ‘క’! మిగిలిన సామాన్య అక్షరాలకు కూడా ఇదే లెక్క. అక్కచెల్లెళ్ళలాంటి రెండు లిపులను పక్కపక్కన, ఒకే వరుసక్రమంలో కూర్చోబెట్టారన్నమాట.

ఇప్పుడు ‘జ్ఞానం’ అనే మాట తీసుకుందాం. కంటికి కనిపించేవి ‘జ్ఞా’, ‘నం’ అనే రెండు అక్షరాలు. లోపల ఉన్నవి ఆరు అంకెలు: జ – 3100, పొల్లు – 3149, ఞ – 3102, దీర్ఘం – 3134, న – 3112, సున్న – 3074. ‘జ్ఞా’ అనే రూపం ఈ వరుసలో ఎక్కడా లేదు! ‘జ’ తరువాత పొల్లు, దాని తరువాత మరొక హల్లు వచ్చింది కనుక రెండవ దానిని ఒత్తుగా మార్చి కింద పెట్టాలి అనే సూత్రాన్ని కంప్యూటరు అప్పటికప్పుడు పాటిస్తుంది. ఆ ఒత్తు ఏ వంపుతో ఉండాలి, ఎంత వెడల్పు ఉండాలి అనేది ఫాంటు చెబుతుంది. ఫాంటు అంటే అక్షరరూపాల కొట్టు అనుకోండి.

ఒకే విత్తనాన్ని ఎర్రనేలలో వేస్తే ఒక ఎత్తు, నల్లరేగడిలో వేస్తే మరొక ఎత్తు పెరుగుతుంది కదా! అంకె విత్తనం. ఫాంటు నేల. తెర మీద మీరు చూసేది పంట.

కాబట్టి మీరు ఫైలును తెరిచిన ప్రతిసారీ కంప్యూటరు నాలుగు పనులు మళ్ళీ మొదటి నుంచి చేస్తుంది. అంకెల వరుసను అక్షరాలుగా విడగొడుతుంది. ఒక్కొక్క అక్షరానికి ఫాంటు నుంచి రూపం తెస్తుంది. ఆ రూపాల వెడల్పులు కూడుతుంది. వరుస నిండగానే మిగిలినదానిని కింది వరుసలోకి దించుతుంది. బడి కంప్యూటరులో ఉన్న ఫాంటు దుకాణం కంప్యూటరులో లేకపోతే అది తన దగ్గర ఉన్న మరొక తెలుగు ఫాంటును వాడుకుంటుంది. అంకెలు మారవు. వెడల్పులు మారతాయి.

ఖాళీ కూడా ఒక అక్షరమే

మన దొంగ ఇప్పుడు దొరుకుతున్నాడు. అమ్మాయి పట్టికను స్పేస్ బార్ నొక్కి నొక్కి సర్దింది. మనకు ఖాళీ అంటే ఏమీ లేకపోవడం. కంప్యూటరుకు ఖాళీ కూడా ఒక అక్షరం, దాని అంకె 32. దానికి కూడా ఫాంటు ఒక వెడల్పు నిర్ణయిస్తుంది.

చిన్న లెక్క చేద్దాం. ముద్రణలో పొడవును పాయింట్లలో కొలుస్తారు. 72 పాయింట్లు ఒక అంగుళం. ఒక ఫాంటులో ఖాళీ వెడల్పు 3 పాయింట్లు, మరొక దానిలో రెండున్నర పాయింట్లు అనుకుందాం. తేడా అర పాయింటు, కంటికి ఆనదు. కానీ పట్టిక పై వరుసలో ‘వారం’ అనే చిన్న మాట తరువాత 40 ఖాళీలు కొట్టి ‘జూలై’ అని రాశారనుకోండి. 40 సార్లు అర పాయింటు అంటే 20 పాయింట్లు, అంటే సుమారు 7 మిల్లీమీటర్లు. ‘జూలై’ అంత దూరం ఎడమకు జరుగుతుంది.

కింది వరుస సంగతి చూడండి. అక్కడ ‘జూన్ మూడో వారం’ వంటి పొడుగు మాటలు ఎక్కువ, ఖాళీలు తక్కువ. కొత్త ఫాంటులో అక్షరాలు కాస్త వెడల్పయితే ఆ వరుసలోని వాన అంకె కుడికి జరుగుతుంది. పైనున్న నెల పేరు ఎడమకు, కిందనున్న వాన కుడికి! రెండూ ఎదురెదురుగా నడిచి ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి. జూన్ వాన జూలై వాన అయినది. చూశారా, ఇందులో మాయ ఏమీ లేదు, కూడికలే!

మరి టైపు మిషన్ మీద ఇదే పని చేస్తే చెడేది కాదు కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. సామాన్యమైన ఇంగ్లీషు టైపు మిషన్ మీద ‘ఐ’ అక్షరానికీ, ‘డబ్ల్యూ’ అక్షరానికీ, ఖాళీకీ కూడా ఒకే వెడల్పు. ఒక్కొక్క మీటకు బండి ఒక్కొక్క అడుగే కదులుతుంది. అందుకని ఖాళీలు లెక్కపెట్టి పట్టికలు కొట్టడం గుమాస్తాలకు అలవాటు. వరుస చివర గంట మోగగానే మీటతో బండిని వెనక్కు తోసి కొత్త వరుస మొదలుపెట్టేవారు. మిషన్ పోయినా ఆ అలవాటు పోలేదు. కంప్యూటరులో ప్రతి వరుస చివర ఎంటర్ నొక్కేవారు ఇప్పటికీ ఉన్నారు. వర్డ్ ప్రాసెసర్‌కు ఎంటర్ అంటే ‘వరుస అయిపోయింది’ అని కాదు, ‘పేరా అయిపోయింది’ అని అర్థం. వెడల్పులు మారిన రోజున వరుస ముందే నిండిపోయి ఒక్క మాట కిందకు జారుతుంది, దాని తరువాత ఎంటర్ ఉంది కనుక ఆ మాట ఒంటరిగా ఒక వరుసలో నిలబడిపోతుంది. మా నాలుగు పేజీలు ఐదు కావడానికి ఇదొక కారణం.

ఇంకొక కారణం కాగితమే. మన దేశంలో మామూలుగా వాడే ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. అమెరికాలో వాడే లెటర్ కాగితం సుమారు 216 వెడల్పు, 279 పొడవు. ఫైలులో కాగితం కొలత ‘లెటర్’ అని ఉంటే పేజీకి 18 మిల్లీమీటర్ల ఎత్తు తగ్గుతుంది. అంటే పేజీకి రెండు మూడు వరుసలు మరొక పేజీకి పోతాయి.

తెలుగుకు పైనా కిందా చోటు కావాలి

తెలుగు రాసేవారికి ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. ‘స్త్రీ’ అనే అక్షరం చూడండి. లోపల ఆరు అంకెలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. కంటికి మాత్రం ఒకే అక్షరం. గుడి తల మీద, ఒత్తులు కాళ్ళ దగ్గర. ఇంగ్లీషు అక్షరాల కొలతతో వరుసల మధ్య ఎడాన్ని ‘సరిగ్గా ఇంతే’ అని బిగించేస్తే గుడి తలో, ఒత్తు తోకో కత్తిరించినట్టు మాయమవుతుంది. అక్షరం చెడలేదు, దానికి చోటు చాలలేదు. ఎడం పెంచితే మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. ‘కనీసం ఇంత’ అని పెట్టడం తెలుగుకు క్షేమం.

మరొక చిక్కు. నోట్సులో ‘హెడ్మాస్టర్’ అని పడుతుంది. మనకు కావలసినది ‘హెడ్‌మాస్టర్’. డ తరువాత పొల్లు, ఆ తరువాత మ వస్తే కంప్యూటరు తన సూత్రం ప్రకారం మ-ఒత్తు పెడుతుంది. దాని తప్పు లేదు. ఇక్కడ కలపవద్దు అని చెప్పడానికి ఒక కనిపించని గుర్తు ఉన్నది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే వెడల్పు లేని విడదీత గుర్తు. దాని అంకె 8204. పొల్లు తరువాత దానిని పెడితే ఒత్తు రాదు. చాలా తెలుగు కీబోర్డులలో దీనికి ఒక మీట గాని, రెండు మూడు మీటల కలయిక గాని ఉంటుంది. అయితే ఈ గుర్తు కంటికి కనిపించదు కనుక, కొన్ని చోట్ల వెతికేటప్పుడు గుర్తు లేకుండా టైపు చేస్తే, గుర్తుతో రాసిన మాట దొరకదు. ఉన్న మాటే లేదని కంప్యూటరు చెబితే కంగారుపడకండి.

కనిపించని ఈ గుర్తు ఒకసారి ప్రపంచాన్నే ఆశ్చర్యపరచింది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం సందేశంలో వస్తే చాలు, ఆపిల్ కంపెనీ ఫోనులలో సందేశాలు చూపే అప్లికేషన్లు కూలిపోసాగాయి. ఆ అక్షరం ఏదో తెలుసా? ‘జ్ఞా’! అయితే మామూలు ‘జ్ఞా’ కాదు. జ, పొల్లు, ఞ, వాటి తరువాత 8204, చివర దీర్ఘం. తెర మీద చూస్తే మామూలు ‘జ్ఞా’ లాగానే ఉంటుంది. లోపల ఒక అంకె ఎక్కువ. ఆ వరుసను రూపంగా మార్చే లెక్కలో ఒక పొరపాటు దాగి ఉన్నది. బెంగాలీ వంటి లిపులలోనూ అటువంటి వరుసలు కొన్ని బయటపడ్డాయి. ఆ నెల 19న కంపెనీ సవరణ విడుదల చేసి దానిని సరిదిద్దింది. అక్షరం బొమ్మ కాదు, అప్పటికప్పుడు చేసే లెక్క అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏమి కావాలి?

పాత ఫైళ్ళ గోల

మీ ఊరిలో పాత డి.టి.పి. ఫైలు ఒకటి తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కామాలు కనిపించవచ్చు. అది వేరే జబ్బు. యూనికోడ్ వ్యాప్తి కాకముందు తెలుగు ఫాంటులు చేసినవారు ఇంగ్లీషు అక్షరాల అంకెల మీదే తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. తలకట్టు ఒక అంకె మీద, కొమ్ము మరొక అంకె మీద. ఒక కంపెనీ వారి అమరిక మరొకరిది కాదు. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు, లేకపోతే గందరగోళం. భారతీయ లిపులకు ఒకే సంకేత పద్ధతి ఉండాలని రూపొందించిన ఇస్కీని 1991లో ప్రమాణంగా స్వీకరించారు. తరువాత యూనికోడ్ అంతటా వాడుకలోకి వచ్చింది. మా నివేదిక యూనికోడ్‌లో ఉండబట్టి అక్షరాలు దక్కాయి, అమరిక మాత్రమే చెదిరింది. లేకుంటే అదీ ఉండేది కాదు.

అతి తెలివి

ఒక్కొక్కసారి కంప్యూటరు మనకు సాయం చేయబోయి చెడగొడుతుంది. మీరు ‘1.’ అని రాసి ఖాళీ కొడితే అది జాబితా అనుకొని, ఎంటర్ నొక్కగానే ‘2.’ తానే వేస్తుంది. ఇది చిన్న చిరాకు. పెద్దవీ ఉన్నాయి. జన్యుశాస్త్రంలో ‘మార్చ్1’, ‘సెప్ట్2’ వంటి పేర్లు గల జన్యువులు ఉండేవి. వాటిని ఎక్సెల్ పట్టికలో రాస్తే అది మార్చి 1వ తేదీ, సెప్టెంబరు 2వ తేదీ అనుకొని మార్చివేసేది! జన్యువుల పట్టికలను ఎక్సెల్ ఫైళ్ళుగా జతచేసిన పరిశోధన వ్యాసాలలో సుమారు ఐదింట ఒక వంతులో ఇటువంటి తప్పులు ఉన్నాయని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కతేల్చారు. చివరికి 2020 నాటికి ఆ జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చింది. పెద్ద ప్రయోగశాలల వారికే ఇలా జరిగితే, మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఏడవనక్కరలేదు కదా!

మీరూ చేసి చూడండి

ప్రయోగం 1: వర్డ్ ప్రాసెసర్‌లో ‘జ్ఞా’ అని టైపు చేయండి. దాని తరువాత బ్యాక్‌స్పేస్ మీటను ఒక్కొక్కసారే నొక్కండి. చాలా కంప్యూటర్లలో మొదట దీర్ఘం పోతుంది. తరువాత ఒత్తు, తరువాత పొల్లు, చివర ‘జ’. లోపలి అంకెలు ఒక్కొక్కటీ రాలిపోవడం మీరు కళ్ళారా చూస్తారు.

ప్రయోగం 2: ఒక పేజీ తెలుగు తీసుకొని వరుసలు లెక్కపెట్టండి. ఫాంటు మార్చి మళ్ళీ లెక్కపెట్టండి. అక్షరాల పరిమాణం మార్చకండి. తేడా రాసుకోండి.

ప్రయోగం 3: మెనూలో పేరా గుర్తు బొమ్మ గల బొత్తాం ఉంటుంది. దానిని నొక్కితే కనిపించనివి కనిపిస్తాయి. ఖాళీ చుక్కగా, టాబ్ బాణంగా, ఎంటర్ పేరా గుర్తుగా. మీ పాత ఫైలులో ఎన్ని చుక్కల బారులు ఉన్నాయో చూసుకోండి.

మేము నేర్చుకున్నది

మేము నివేదికను మళ్ళీ టైపు చేశాము. ఈసారి ఖాళీలతో కాక, వర్డ్ ప్రాసెసర్ ఇచ్చే పట్టిక గళ్ళలో. గడిలో పెట్టిన అంకె ఏ ఫాంటులోనైనా తన గడి దాటదు. పట్టిక అవసరం లేని చోట టాబ్ వాడాము. టాబ్ ఎక్కడ ఆగాలో అంచు నుంచి కొలిచి ముందుగా నిర్ణయిస్తే, దానికి ముందున్న మాటలు ఆ హద్దు దాటనంతవరకు ఫాంటు మారినా అది అక్కడే ఆగుతుంది. ఎంటర్‌ను పేరా చివర మాత్రమే నొక్కాము. కాగితం ఏ4 అని ముందే చూసుకున్నాము. ముద్రణకు ఇచ్చేటప్పుడు పి.డి.ఎఫ్. ప్రతి చేశాము. అందులో అక్షరరూపాలు కూడా ఫైలుతో పాటే ప్రయాణం చేసేలా చేయవచ్చు, అందుకని వరుసలు చెదరవు.

ఇంకొక మార్పు కంప్యూటరుకు సంబంధించినది కాదు, విజ్ఞానానికి సంబంధించినది. వాన పడని వారంలో ఖాళీ వదలకుండా 0 వేశాము. ఖాళీ చూసినవాడికి ‘వాన పడలేదా, కొలవడం మరిచారా?’ అనే అనుమానం వస్తుంది. 0 చూసినవాడికి రాదు. పైగా మొదటిసారే సున్నలు వేసి ఉంటే, జూన్ అంకెలన్నీ ఒక వరుసలో ఉండి, జరిగినది వెంటనే కనిపించి ఉండేది.

అన్నిటికన్నా ముఖ్యం, కొలతలు రాసిన నోటుపుస్తకం పారవేయలేదు. ముద్రించిన ప్రతి అంకెనూ దానితో ఒకరు చదువుతుంటే మరొకరు సరిచూశారు. ఆ పుస్తకమే లేకపోతే జూన్ వానను జూన్‌కు తిరిగి తెచ్చే దారి మాకు ఉండేది కాదు, ఒక్క తాతగారి జ్ఞాపకం తప్ప.

కొత్త ప్రతిని అమ్మాయి మళ్ళీ ఇంటికి తీసుకువెళ్ళింది. తాత మళ్ళీ వేలితో తడిమాడట. జూన్ మూడో వారం దగ్గర వేలు ఆగిందట. “ఆఁ, ఇదీ మన పదును” అన్నాడట. ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు చూడక ముందే మా నివేదికకు సంతకం పడినట్టయింది.